సైన్యం నుంచి మన ఆఫీసులకు ఏం వస్తోంది, ఏం రావడం లేదు

ఈమధ్య మా ఆఫీసులో ఓ రిటైర్డ్ కల్నల్‌గారిని పిలిచి నాయకత్వం మీద మాట్లాడించారు. హైదరాబాద్ కంపెనీల్లో ఇలాంటివి కొత్తేమీ కాదు. పక్కనే కంటోన్మెంట్ ఉంది. రిటైరై సైనిక్‌పురిలోనో యాప్రాల్‌లోనో స్థిరపడ్డ అధికారులు చాలామందే ఉన్నారు. ఈయన నిజంగా బాగా మాట్లాడారు. అంతసేపూ హాల్లో ఎవరూ ఫోన్ తీయలేదు. చివర్లో ప్రశ్నలు అడగమంటే మా డెలివరీ మేనేజర్లలో ఒకరు లేచి, "సార్, మీ దగ్గర చెప్పింది చెప్పినట్టు జరిగిపోతుంది. మా వాళ్లు ప్రతిదానికీ ఎందుకు అంటారు. ఆ డిసిప్లిన్ మాకెలా వస్తుంది?" అని అడిగారు. కల్నల్‌గారు, "ఎందుకు చేయాలో ఆర్డర్‌లోనే చెప్పాలని మాకు నేర్పిస్తారండీ. మీవాళ్లు అడుగుతున్నారంటే అది మీరు చెప్పలేదన్నమాట" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి వారం నుంచి మా రిలీజ్‌కి, అంటే కొత్త వెర్షన్‌ని వాడకంలోకి వదిలే పనికి, 'ఆపరేషన్' అని మొదలయ్యే ఓ పేరు పెట్టారు. ఓ మీటింగ్ రూమ్ తలుపు మీద 'వార్ రూమ్' అని కాగితం అంటించారు. పొద్దుటి స్టాండప్ మీటింగ్‌కి ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాయడం మొదలెట్టారు. కల్నల్‌గారు చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం మళ్లీ ఎవరి నోటా వినలేదు.

సైన్యం నుంచి ఇంజినీర్లు నేర్చుకోవాల్సింది లేదనే వాళ్లలో నేను లేను. రెంటికీ పాత చుట్టరికమే. ఏ పని తర్వాత ఏది, ఎంతకాలం అని చూపిస్తూ ప్రాజెక్టు మేనేజర్లు గీసే పెర్ట్ చార్టు 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి పని కోసం తయారు చేయించుకున్నది. మన సైన్యమూ మేనేజ్‌మెంట్ నేర్చుకోవడానికి 1970లో సికింద్రాబాద్‌లో ఓ సంస్థ పెట్టుకుంది. దాన్నే ఇప్పుడు కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ అంటున్నారు. రాకపోకలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వచ్చేది ఏమిటన్నదే నా బాధ. సైన్యంలో పైసా ఖర్చులేని వాటిని, అంటే పేర్లను, గొంతును, హాజరు పట్టీని, పైవాళ్లకు ఎదురుచెప్పకపోవడాన్ని ఇట్టే తెచ్చేసుకుంటున్నాం. డబ్బూ కాలమూ పోసి, కొన్నిసార్లు ప్రాణాలు పోగొట్టుకుని సైన్యాలు నేర్చుకున్నవి మన గేటు దాటి లోపలికి రావడం లేదు. ఈ రెండో రకం లేకుండా మొదటి రకం ఒక్కటే వస్తే టీమ్ బాగుపడకపోగా ఉన్నది కూడా చెడుతుందని నా నమ్మకం.

ఆర్డర్‌లో ఏం ఉండాలి

1806లో యేనా దగ్గర నెపోలియన్ చేతిలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం చిత్తుగా ఓడిపోయింది. కవాతులో, క్రమశిక్షణలో యూరప్‌లో దానికి సాటి లేదని అప్పటిదాకా పేరు. ఆ ఓటమి తర్వాత షార్న్‌హార్స్ట్, గ్నైసెనావ్ లాంటివాళ్లు సైన్యాన్ని కొత్తగా కట్టుకొచ్చారు. ఆ దారిలోనే సేనాని మోల్ట్‌కె కాలానికి ఒక పద్ధతి స్థిరపడింది. కింది అధికారికి ఏం సాధించాలో, ఎందుకు సాధించాలో స్పష్టంగా చెప్పాలి. ఎలా సాధించాలన్నది అక్కడ నేల మీద నిలబడి చూస్తున్న అతనికే వదిలేయాలి. శత్రువు ప్రధాన బలంతో తొలిసారి తలపడ్డాక ఏ ప్రణాళికా అనుకున్నట్టు సాగదన్నది మోల్ట్‌కె అభిప్రాయం. అమెరికా సైన్యం ఇప్పుడు దీన్నే మిషన్ కమాండ్ అంటుంది. ప్రష్యా సైన్యం గురించి చెప్పుకునే కథ కూడా ఒకటుంది. ఓ మేజర్ పొరపాటు చేసి, "నాకిచ్చిన ఆర్డర్ ప్రకారమే చేశాను" అన్నాడట. "ఆర్డర్‌ని ఎప్పుడు పాటించకూడదో నీకు తెలుస్తుందనే రాజుగారు నిన్ను మేజర్‌ని చేశారు" అని ఫ్రెడెరిక్ చార్ల్స్ రాకుమారుడు మందలించాడట.

మన సైన్యంలో దాడికి ముందు ఆర్డర్లిచ్చే తీరు చూసినవాళ్లకు తెలుస్తుంది. నేల మీద ఇసుకతో కొండలు, వాగులు, దారులు కట్టి శాండ్ మోడల్ తయారుచేస్తారు. అందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టి శత్రువు ఎక్కడున్నాడు, మన లక్ష్యం ఏమిటి, పక్క దళం ఏం చేస్తుంది, గాయపడితే ఎటు తీసుకెళ్లాలి, సంకేతాలు ఏమిటి అన్నవన్నీ ఒక వరసలో చెబుతారు. ఆఖరున "కోయీ శక్?" అని అడుగుతారు. ఏమైనా సందేహం ఉంటే అడగాల్సింది అప్పుడే.

దీని పక్కన మా టికెట్ ఒకటి, అంటే ఇంజినీరుకు పని అప్పగించే చీటీ, పెట్టి చూడండి. ఇది నేను ఇంతకుముందు పనిచేసిన ఓ కంపెనీలోది. పేమెంట్లకు సంబంధించిన సాఫ్ట్‌వేర్. టికెట్‌లో ఉన్నదల్లా ఇంతే: "రీట్రై కౌంట్ 3 నుంచి 5కి పెంచాలి. శుక్రవారం లోపు." అంటే పేమెంట్ ఫెయిలైతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో ఆ సంఖ్య పెంచమని. ఎందుకు పెంచాలో లేదు. బ్యాంకు వైపు నుంచి జవాబు ఆలస్యమై కొన్ని పేమెంట్లు ఫెయిలవుతున్నాయని ఎక్కడో పై మీటింగ్‌లో అనుకున్నారు. ఆ మాట కింద కోడ్ రాసే కుర్రాడి దాకా రాలేదు. వచ్చి ఉంటే అతనికే అనుమానం తగిలేది. ఎందుకంటే జవాబు ఆలస్యమైనంత మాత్రాన పేమెంట్ జరగలేదని చెప్పలేం. డబ్బు కట్ అయిపోయి కబురు మాత్రమే ఆలస్యం కావచ్చు. అప్పుడు మళ్లీ ప్రయత్నిస్తే రెండోసారి కట్ అవుతుంది. ఒకే లావాదేవీ అని అవతలి బ్యాంకు గుర్తుపట్టేలా ప్రతి ప్రయత్నానికీ ఒకే గుర్తింపు సంఖ్య పంపాలి. ఓ పాత బ్యాంకు కనెక్షన్‌లో ఆ ఏర్పాటు లేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. శుక్రవారం సాయంత్రం రిలీజ్ అయింది.

ఆ రాత్రి ఆన్‌కాల్‌లో, అంటే ఏదైనా పాడైతే చూసుకునే డ్యూటీలో, ఉన్నది ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని అమ్మాయి. డబుల్ డెబిట్లు కనిపించిన కొద్ది నిమిషాలకే రోల్‌బ్యాక్ చేయాలని, అంటే వెనకటి వెర్షన్‌కి వెళ్లాలని, ఆమెకు అర్థమైంది. ఎలా చేయాలో కూడా తెలుసు. కానీ ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో, ఏం చేయాలన్నా మేనేజర్ అనుమతి కావాలి. మేనేజర్ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆయన పైఆయన విమానంలో ఉన్నారు. దాదాపు గంట పాటు ఆ అమ్మాయి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, స్క్రీన్ మీద ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే చూస్తూ కూర్చుంది. ఆమె టెన్షన్ ఎలాంటిదో మర్నాడు తను చెబుతుంటే విన్నాను. సోమవారం మీటింగ్‌లో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "ముందే ఎందుకు ఆపలేదు?" అదే వారం ఇంకో కొత్త నిబంధన వచ్చింది. రోల్‌బ్యాక్‌కి ఇకనుంచి ఇద్దరు మేనేజర్ల అనుమతి కావాలట.

"కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ కాకూడదు. అలా అవుతోందని కనిపిస్తే ఏది ఆపినా ఫర్వాలేదు, తర్వాత చెప్పండి." ఈ రెండు వాక్యాలు టికెట్ మీద ఉండి ఉంటే రాసిన కుర్రాడు ఆగి ఆలోచించేవాడు, కాపలా ఉన్న అమ్మాయి వెంటనే ఆపేసేది. సైనికులు కమాండర్ ఉద్దేశం అని పిలిచేది ఇలాంటి వాక్యాన్నే.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. రెండేళ్ల అనుభవం లేని మనిషికి ప్రొడక్షన్ ఆపేసే అధికారం ఇస్తే ప్రతి చిన్నదానికీ ఆపేయరా? ఇస్తే సరిపోదు, నిజమే. ప్రష్యా అధికారులకూ ఆ స్వేచ్ఛ ఊరికే ఇవ్వలేదు. వార్ కాలేజీలో చదివించారు, బల్లమీద యుద్ధాలు ఆడించారు, నిజమైన నేలమీద తిప్పి "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావు?" అని పదేపదే అడిగారు. ఒకే రకమైన శిక్షణ పొందినవాళ్లు కాబట్టి దూరంగా ఉన్నా ఒకరు ఏం చేస్తారో ఇంకొకరు ఊహించగలిగేవాళ్లు. మన దగ్గర ఆన్‌కాల్‌లోకి వచ్చే మనిషికి ఒక డాక్యుమెంట్ లింకు పంపుతారు. నెలకో పూట టెస్ట్ సిస్టమ్‌లో కావాలని ఏదో ఒకటి పాడుచేసి, కొత్తవాళ్ల చేత బాగుచేయించే కంపెనీలు లేకపోలేదు. కానీ ఆ పూట క్లయింటుకు బిల్లు వేయలేం కాబట్టి మనలో చాలామంది దాన్ని వాయిదా వేస్తూనే ఉంటారు. సైన్యానికి యుద్ధం ఎప్పుడో ఒకసారి, శిక్షణ రోజూ. మనకు యుద్ధం రోజూ, శిక్షణ ఎప్పుడో ఒకసారి.

అర్ధరాత్రి బ్రిడ్జ్ కాల్

సిస్టమ్ కుప్పకూలినప్పుడు జరిగే బ్రిడ్జ్ కాల్ ఈ రంగంలో ఉన్న అందరికీ అనుభవమే. అందరూ చేరతారు. ముగ్గురు మేనేజర్లు విడివిడిగా "ఎంతసేపు పడుతుంది?" అని అడుగుతారు. పనిచేసే ఇద్దరూ ఆ ముగ్గురికీ జవాబు చెప్పుకుంటూ పని ఆపేస్తారు. డేటాబేస్ మనిషి ఒకటి మారుస్తాడు, అదే సమయంలో నెట్‌వర్క్ మనిషి ఇంకోటి మారుస్తాడు, చివరికి దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు. వార్ రూమ్ అని పేరు పెట్టినంత మాత్రాన ఇది మారదు.

దీన్ని మార్చిన పద్ధతి ఒకటి కాలిఫోర్నియా అడవి మంటల్లో పుట్టింది. 1970 శరదృతువులో దక్షిణ కాలిఫోర్నియాలో 13 రోజులు మంటలు రేగాయి. 16 మంది చనిపోయారు, 700 కట్టడాలు కాలిపోయాయి. తర్వాత విచారించుకుంటే తేలిందేమిటంటే, మనుషులూ బళ్లూ చాలకపోవడం అంత పెద్ద కారణం కాదు. ఎవరి మాట ఎవరు వినాలో తెలియలేదు. ఒక్కో శాఖ ఒకే వస్తువును ఒక్కో పేరుతో పిలిచింది. ఒక్క మనిషికి లెక్కలేనంతమంది రిపోర్ట్ చేశారు. దాని నుంచి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ వచ్చింది. సైనిక స్టాఫ్ పద్ధతి పోలికలు అందులో బాగా కనిపిస్తాయి. కమాండర్ ఒక్కరే ఉంటారు. ఒకరి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా, వీలైతే అయిదుగురే ఉండాలి. కమాండ్ చేతులు మారితే ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పాలి. గూగుల్ లాంటి కంపెనీలు సర్వర్లు పడిపోయినప్పుడు వాడే విధానానికి ఇదే మూలం.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది కమాండర్‌ను ఎంచే తీరు. ముందు చేరుకున్నవాళ్లు కమాండ్ తీసుకుంటారు. అంతకంటే పెద్ద ర్యాంకు మనిషి వచ్చినంత మాత్రాన కమాండ్ దానంతటది ఆయనకు పోదు. పరిస్థితి తెలుసుకుని, అధికారికంగా తీసుకుంటేనే ఆయనది. అప్పటిదాకా ఆయన కూడా అడగాల్సింది కమాండర్‌నే. మన కాల్‌లో వైస్ ప్రెసిడెంట్ చేరగానే ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. అందరి మాటా ఆగిపోతుంది, మొదటి నుంచి కథ మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ఈమధ్య మా టీమ్‌లో ఒక రాత్రి కాల్‌ని నాలుగేళ్ల అనుభవమున్న కుర్రాడు నడిపాడు. డైరెక్టర్‌గారు చేరి ఏదో అడగబోతే, "సార్, పదిహేను నిమిషాలకోసారి చాట్‌లో అప్‌డేట్ పెడుతున్నాం, తర్వాతది పదీ ఇరవైకి వస్తుంది" అన్నాడు. ఆయన "సరే బాబూ" అని మ్యూట్‌లోకి వెళ్లిపోయారు. ఆ కుర్రాడి తెగువ ఎంత గొప్పదో ఆ డైరెక్టర్‌గారి సంయమనం అంతకంటే గొప్పది. క్రమశిక్షణ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయనే.

ర్యాంకు పక్కన పెట్టే గంట

అమెరికా సైన్యం 1980ల మొదట్లో మొహావి ఎడారిలో ఫోర్ట్ అర్విన్ దగ్గర ఒక శిక్షణ కేంద్రం తెరిచింది. దళాలు అక్కడికి వెళ్లి శత్రువు పాత్ర వేసే మరో దళంతో తలపడతాయి. ఆయుధాలకు లేజర్లు కట్టి ఉంటాయి కాబట్టి ఎవరు ఎవరిని కొట్టారో తెలిసిపోతుంది. పోరు ముగిశాక అందరూ కూర్చుంటారు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం అని మాట్లాడుకుంటారు. ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటే ఇదే. పని ముగిశాక మనం పెట్టుకునే రెట్రో మీటింగ్‌లకు దగ్గరి బంధువు. పద్ధతి ప్రకారం అక్కడ సిపాయి కూడా కమాండర్ ముందే "మీ ఆర్డర్ మాకు ఆలస్యంగా అందింది" అనగలగాలి.

మరి అదే నాలుగు ప్రశ్నలు మన దగ్గర ఎందుకు పనిచేయవు? అక్కడ జరిగింది ఏమిటన్న దానిమీద వాదన లేదు, రికార్డు ఉంది. నడిపే మనిషి ఆ దళానికి చెందినవాడు కాడు, బయటి పరిశీలకుడు. ఈ రెండూ లేకుండా మనం గోడమీద పసుపు, గులాబీ కాగితాలు అంటించి "అందరూ ఓపెన్‌గా మాట్లాడండి" అంటాం. అది కూడా అప్రైజల్‌కి రెండు నెలల ముందు, రేటింగ్ ఇచ్చే మేనేజరే మీటింగ్ నడుపుతూ. అలాంటి చోట తెలివైనవాళ్లు ఏం చేస్తారు? "కమ్యూనికేషన్ ఇంకా మెరుగుపడాలి" అని రాస్తారు. ఎవరికీ తగలని వాక్యం అది. నేను చూసిన రెట్రోలలో సగం పైన ఈ వాక్యం ఉంది.

డబుల్ డెబిట్ల వ్యవహారం మీద కూడా ఒక మీటింగ్ జరిగిందని చెప్పాను కదా. అందులో టికెట్ ఎవరు రాశారు, ఎందుకలా రాశారు అన్న ప్రశ్న రాలేదు. రాసినాయనే మీటింగ్ నడిపారు.

థ్రెషర్ తర్వాత నేవీ చేసిన పని

నాయకత్వ ఉపన్యాసాల్లో నేనెప్పుడూ వినని కథ ఇది. ఇంజినీర్లకు సైన్యం ఇచ్చిన పాఠాల్లో దీన్ని మించింది లేదని నా ఉద్దేశం.

అమెరికా అణు జలాంతర్గామి థ్రెషర్ 1963 ఏప్రిల్ 10న అట్లాంటిక్‌లో లోతు పరీక్ష చేస్తూ మునిగిపోయింది. 129 మంది పోయారు. సముద్రపు నీటి పైపు అతుకు ఒకటి ఊడి నీళ్లు లోపలికి వచ్చి ఉంటాయని, దాంతో రియాక్టర్ ఆగిపోయి, పైకి తేల్చాల్సిన గాలి వ్యవస్థ మంచు గడ్డకట్టి పనిచేయలేదని దర్యాప్తులో అనుకున్నారు. అంతకుముందు షిప్‌యార్డులో ఉన్నప్పుడు ఆ రకం అతుకుల్లో 145ని అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తే 14 శాతం దాకా ప్రమాణానికి తక్కువగా తేలాయి. ఇలాంటి అతుకులు ఓడలో వేలల్లో ఉన్నాయి. మిగతావాటిని పరీక్షించకుండానే సముద్రంలోకి పంపారు.

దీని తర్వాత నేవీ "మరింత క్రమశిక్షణతో ఉండండి" అని సర్క్యులర్ పంపి ఊరుకోలేదు. సబ్‌సేఫ్ అని ఒక కార్యక్రమం పెట్టింది. నీళ్లు లోపలికి రాకూడదు, వచ్చినా పైకి తేలగలగాలి. దాని పరిధి ఈ రెండింటికే. ఆ పరిధిలో మాత్రం రాతపూర్వక సాక్ష్యం లేని పని జరగనట్టే లెక్క. ఇంకా ముఖ్యమైనది, అధికారాన్ని కావాలనే విడగొట్టారు. ఖర్చుకూ గడువుకూ బాధ్యత ప్రోగ్రామ్ మేనేజర్‌ది. ఏది సాంకేతికంగా ఆమోదయోగ్యమో చెప్పేది వేరే అధికారి. మేనేజర్ ఎంత పెద్ద ర్యాంకువాడైనా ఆ అధికారి సరేనన్న వాటిలోంచే ఎంచుకోవాలి. నాణ్యత, భద్రత చూసేవాళ్లు మళ్లీ వేరే. 1915 నుంచి 1963 దాకా యుద్ధంతో సంబంధం లేని ప్రమాదాల్లో అమెరికా నేవీ 16 జలాంతర్గాముల్ని పోగొట్టుకుంది. ఆ తర్వాత పోయింది ఒక్కటే, 1968లో స్కార్పియన్. దానికి సబ్‌సేఫ్ సర్టిఫికేషన్ లేదు.

ఆజ్ఞల మీదే నడిచే నేవీ, ఇంజినీరింగ్ నిజం దగ్గరికి వచ్చేసరికి ఆజ్ఞ పనిచేయకుండా అడ్డుకట్ట వేసుకుంది. ఆ అడ్డుకట్ట లేనిచోట ఏం జరుగుతుందో 1986 జనవరి 27 రాత్రి చూశాం. అంత చలిలో నాసా స్పేస్ షటిల్ ఛాలెంజర్‌ని పంపొద్దని బూస్టర్ కంపెనీ ఇంజినీర్లు చెప్పారు. ఆ కంపెనీలోనే ఓ పెద్ద మేనేజర్ ఇంకో మేనేజర్‌తో, ఇంజినీర్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నాడు. మర్నాడు పొద్దున 73 సెకన్లకు ఏడుగురు పోయారు. 2003లో మరో షటిల్ కొలంబియా ప్రమాదం మీద వేసిన దర్యాప్తు బోర్డు, నాసాకు ఆదర్శంగా చూపించిన వాటిలో సబ్‌సేఫ్ ఒకటి.

మా పేమెంట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాణాలు పోవు, నిజమే. కానీ శుక్రవారం రిలీజ్ తేదీకి బాధ్యుడైన మనిషే ఏ టెస్టులు వదిలేయొచ్చో కూడా నిర్ణయిస్తున్నాడంటే నేవీ 1963లో మానుకున్న పని మనం ఇంకా చేస్తున్నాం. పేరుకు మాత్రం దాన్ని మిషన్ అంటున్నాం.

సుబేదార్ సాబ్ ఎక్కడ?

మాది తాడేపల్లిగూడెం వైపు. ఇంటికో సైనికుడని పేరుపడ్డ మిలటరీ మాధవరం మాకు దగ్గరే. మా పెదనాన్న సైన్యంలో బళ్లు, యంత్రాలు చూసుకునే ఈఎంఈ విభాగంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాడు. బళ్లు బాగుచేసే వర్క్‌షాపులోనే సర్వీసంతా గడిచింది. కల్నల్‌గారి ఉపన్యాసం సంగతి చెబితే ఆయన ఆఫీసర్ల ఊసే ఎత్తలేదు. "మా సుబేదార్ సాబ్ ఉండేవాడురా. కొత్త లెఫ్టినెంట్ సాబ్ వస్తే మొదటి వారమే డాంగ్రీ తొడిగించి బండి కిందకి తోసేవాడు. గేర్‌బాక్సు విప్పడం చూడకుండా దాని మీద సంతకం పెట్టొద్దు సాబ్ అనేవాడు. ఆ కుర్ర ఆఫీసరు కిమ్మనకుండా దూరేవాడు" అన్నాడు. "ఆఫీసర్‌కి కోపం రాదా?" అంటే, "వచ్చినోళ్లూ ఉన్నారు. ఆళ్ల మాట వర్క్‌షాపులో నడిచేది కాదు" అన్నాడు.

నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అనే ఈ అంచె మన సైన్యానికి నడుంలాంటిది. సిపాయిగా చేరి ఏళ్ల తరబడి పనిచేసి పైకి వచ్చినవాళ్లు. ఆఫీసర్లు వాళ్లను 'సాబ్' అనే పిలుస్తారు. జవాన్ల మంచిచెడ్డల గురించి కమాండింగ్ ఆఫీసర్‌కు నేరుగా చెప్పగలిగేది సుబేదార్ మేజరే. హోదాలో లెఫ్టినెంట్ పెద్ద, పని తెలిసినవాడు సుబేదార్, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

మన ఇంజినీరింగ్ టీమ్‌లలో ఈ మనిషిని మనమే లేకుండా చేసుకున్నాం. పదిహేనేళ్లు కోడ్ రాసినవాణ్ణి పెళ్లిళ్లలో చుట్టాలు కూడా "ఇంకా కోడింగేనా, మేనేజర్ కాలేదా?" అని అడుగుతారు. జీతం పెరగాలంటే మనుషుల్ని మేపాలి తప్ప సిస్టమ్‌ని తెలుసుకుంటే లాభం లేదు. దాంతో బాగా పని తెలిసినవాళ్లు ఇష్టం లేకపోయినా మేనేజర్లవుతారు. లేదంటే కంపెనీ మారతారు. ప్రిన్సిపల్ ఇంజినీర్ లాంటి హోదాలు పెట్టిన చోట్లు ఉన్నాయి. అయితే నేను చూసినంతలో వాళ్లను ఆర్కిటెక్చర్ బొమ్మలు గీయడానికే వాడుతున్నారు. కొత్త మేనేజర్‌ని కూర్చోబెట్టి "ఈ లాగ్ చదవకుండా ఆ రిలీజ్‌కి సరే అనొద్దు" అని చెప్పే చనువు వాళ్లకు ఎవరూ ఇవ్వడం లేదు.

అరువు తెచ్చుకోలేనివి

ఇంతదూరం చెప్పాక నాకే ఒక ప్రశ్న అడ్డొస్తోంది. ఇవన్నీ సైన్యంలో పనిచేయడానికి కారణం వీటి వెనకున్న బంధం కాదా? డెహ్రాడూన్ మిలటరీ అకాడమీ 1932లో మొదలైనప్పుడు అప్పటి భారత సైన్యాధిపతి చెట్‌వుడ్ అన్న మాటల్ని అక్కడ ఇప్పటికీ ప్రతి కేడెట్‌కూ నేర్పుతారు. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం మొదట. నీ కింది జవాన్ల గౌరవం, సంక్షేమం, సౌఖ్యం తర్వాత. నీ సుఖం, సౌఖ్యం, భద్రత ఎప్పుడూ, ప్రతిసారీ చివర. 2020లో గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు అక్కడి తన దళానికి కమాండింగ్ ఆఫీసర్. ఆయన వెనక ఉండి కబురు పంపలేదు. సైన్యంలో అధికారికి ఉన్న హక్కు ఆ వరసలో చివర నిలబడటంలోంచి వస్తుంది.

కంపెనీ ఆ మాట ఇవ్వలేదు. మూడు నెలల లాభం తగ్గితే ముందు పోయేది కిందివాళ్లే. అలాగే సిపాయి రేపటి నుంచి రానని వెళ్లిపోలేడు, ఇంజినీరు నోటీస్ పీరియడ్ పూర్తిచేసి వెళ్లిపోగలడు. మాట వినకపోతే అక్కడ కోర్ట్ మార్షల్ ఉంది. ఆ రెండువైపుల కట్టు లేనిచోట సైనిక విధేయత అడగడం న్యాయం కాదు. అందుకే "మనమంతా ఒక ప్లాటూన్" లాంటి మాటలు ఆఫీసులో వినిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో సంగతి, సైన్యం యుద్ధాన్నే కాదు విశ్రాంతిని కూడా లెక్కకట్టి ఇస్తుంది. ఫీల్డ్‌లో కొన్నేళ్లు ఉన్న యూనిట్‌ను పీస్ స్టేషన్‌కు, అంటే సరిహద్దు ఒత్తిడి లేని చోటికి, మారుస్తుంది. వార్ రూమ్ పెట్టుకున్న కంపెనీల్లో పీస్ స్టేషన్ పెట్టుకున్నది ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

సైన్యంలో ఉన్నదంతా ఆదర్శమే అని కూడా అనను. ఆఫీసర్ల ఇళ్లలో సహాయక్‌లతో, అంటే వాళ్లకు సాయంగా పెట్టే జవాన్లతో, చాకిరీ చేయించే అలవాటు మీద పార్లమెంటు స్థాయీ సంఘమే అభ్యంతరం చెప్పింది. ప్రష్యా పద్ధతిలో కూడా ఒక లోపం ఉంది. 'ఎలా' అన్నదాంట్లో స్వేచ్ఛ ఇస్తుంది గానీ 'అసలు ఇది చేయొచ్చా' అన్నదాంట్లో ఇవ్వదు. ఆ పద్ధతిలో ఆరితేరిన సైన్యమే తర్వాత హిట్లర్ చేతిలో పనిముట్టయింది. వాడేవాళ్లను మోసపుచ్చే స్క్రీన్ డిజైన్ చేయమంటే ఇంజినీరు దాన్ని ఎంత చాకచక్యంగా చేశాడన్నది కొలత కాకూడదు. చేయనని చెప్పే హక్కు అతనికి ఉండాలి. ఇది మాత్రం సైన్యం దగ్గర కంటే మన వృత్తిలోనే వెతుక్కోవాలి.

అయినా బంధం లేకపోతే ఏదీ పనిచేయదన్న వాదనకు నేను పూర్తిగా లొంగను. కాలిఫోర్నియాలో మంటలార్పినవాళ్లు వేర్వేరు శాఖలవాళ్లు, ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్లు. వాళ్లకు పనికొచ్చింది ప్రాణమిచ్చే అనుబంధం కాదు, ఎవరు దేనికి బాధ్యులో ముందే తేల్చుకోవడం. షిప్‌యార్డు వెల్డర్లు కూడా జీతానికి పనిచేసే సివిలియన్లే. కాబట్టి బంధం మీద ఆధారపడినవాటిని వదిలేద్దాం. ఉద్దేశం చెప్పడం, ముందే సాధన చేయడం, నిజం మాట్లాడినవాళ్లకు నష్టం లేకుండా చూడటం, గడువు చూసే చేతినీ భద్రత చూసే చేతినీ వేరుచేయడం, వీటికి బంధం అక్కర్లేదు. సమయం కావాలి, పైవాళ్లు కొంత అధికారం వదులుకోవాలి.

మా టీమ్‌లో ప్రస్తుతం దీనిమీదే వాదన నడుస్తోంది. ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లు ఎవరి అనుమతీ లేకుండా రోల్‌బ్యాక్ చేయొచ్చని రాసిపెట్టమని నేను అడుగుతున్నాను. మా మేనేజర్‌కి అభ్యంతరం లేదు. అడ్డంకి క్లయింటు ఆడిటర్లు. ప్రొడక్షన్‌లో ఏ మార్పుకైనా ముందస్తు అనుమతి కాగితం ఉండాల్సిందే అంటారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నేను చెప్పేది, వెనకటి వెర్షన్‌కి వెళ్లడాన్ని ముందే ఆమోదించిన స్టాండర్డ్ చేంజ్‌గా నమోదు చేద్దామని. ఆ వెర్షన్ అప్పటికే ఒకసారి అనుమతి పొందింది, ఏయే పరిస్థితుల్లో వెనక్కి వెళ్లొచ్చో ఒక పేజీలో రాయొచ్చు, ఆన్‌కాల్‌లోకి వచ్చే ప్రతి ఒక్కరూ టెస్ట్ సిస్టమ్‌లో అది చేసి చూపించాకే వాళ్ల పేరు జాబితాలో చేరుతుంది. డేటాబేస్ నిర్మాణం మారిన రిలీజ్‌లకు ఇది కుదరదని వాళ్లన్నారు. ఆ మాట సరైనదే, వాటిని జాబితాలోంచి తీసేశాం. మిగతావాటి మీద వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో ఆన్‌కాల్ టీమ్‌కి లీడ్. వాళ్ల దగ్గర ఆ పేజీ ఎలా రాసుకున్నారో పంపమని అడిగాను.